ముప్పై ఏడేళ్ల అవ్వ

మేడ్చల్ స్టేషనుకు కొత్తగా వచ్చిన టికెట్ కలెక్టరు మంచివాడు. ఆ మంచితనం కొద్దీ ఇస్సాకును పిలిచి, "ఏందయ్యా, ముసలితల్లిని ఎండల నిలవెట్టినవు? గా రేకుల కింద కూసోపెట్టరాదూ" అన్నాడు.

అతను చూపించింది ఎలీషమ్మను. ఎలీషమ్మ ఇస్సాకుకు తల్లి కాదు, పెళ్లాం. అతనికంటే ఐదేళ్లు చిన్నది.

ఇస్సాకు అదే లైను మీద గ్యాంగు కూలీ. రోజంతా ఎండలో పట్టాల కింద కంకర పొడిచినా అతని మీసం నల్లగానే ఉంది, ముఖం మీద ఒక్క గీత పడలేదు. కలెక్టరుకు అతను నిజం చెప్పలేదు. పెద్దగా నవ్వి, "రా అమ్మా, కూసుందువు" అంటూ పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. ఎలీషమ్మ ఆ చెయ్యి విదిలించుకుని, రైలు వచ్చేదాకా ఎండలోనే నిలబడింది.

ఎప్పుడో ఒకసారి జరిగితే ఆమె కూడా నవ్వేసి ఊరుకునేది. సంతలో గాజులమ్మేవాడు ఆమె చెయ్యి చూడకుండానే "కోడలికా అవ్వా?" అని అడిగేవాడు. చర్చిలో ఆమెను ముందు వరుసలో ముసలమ్మల పక్కన కూర్చోమనేవాళ్లు. ఒకసారి కీసర నుంచి వచ్చిన బంధువులు ఇస్సాకు కాళ్లకు ఒకసారి, ఆమె కాళ్లకు రెండుసార్లు మొక్కారు. ఎందుకంటే పెద్ద ముత్తైదువ అన్నారు. పెద్ద అన్న మాట దగ్గర ఆమె చేతిలో గ్లాసు దభీమని కింద పెట్టింది.

ఆమె పుట్టింది తుగ్యానీ ఏడు. మూసీ పొంగి పట్నం సగం తుడిచిపెట్టుకుపోయిన ఆ ఏడు పుట్టినవాళ్లు మేడ్చల్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వయసెంతని అడిగితే అందరూ ఆ వరదనే చెబుతారు. ఆ లెక్కన 1946 మొదట్లో ఎలీషమ్మకు ముప్పై ఏడేళ్లు. ముప్పై దాకా ఆమె బొద్దుగా, బిగువుగా ఉండేది. తర్వాత చలిజ్వరం పట్టుకుంది. వదిలినట్టే వదిలి మళ్లీ వచ్చేది. పోతూ పోతూ ఆ జ్వరం ఒంట్లో కండను వెంట తీసుకుపోయి తోలును మాత్రం వదిలేసింది. చెంపలు దవడ కిందికి జారాయి. గడ్డం కింద సంచిలా వేలాడింది. జుట్టు తెల్లబడింది. లోపలి మనిషి మాత్రం ఎప్పటిలాగే ఉంది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని మిగతా ఆడవాళ్లకంటే ముందు ఇల్లు చేరేది.

ఇంత ఏడిపించిన ముఖమే ఆమెకు ఒక ఉద్యోగం కూడా తెచ్చిపెట్టింది. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

యుద్ధకాలంలో బొల్లారం అవతల రేకుల షెడ్లు వేసి ఒక మిలిటరీ దవాఖాన తెరిచారు. ఇస్సాకు తమ్ముడు ప్రభుదాసు అందులో కట్లు కట్టే పనిలో చేరాడు. మిషను బడిలో చదువుకున్నాడు కాబట్టి దొరల మాట అతనికి వచ్చు. ఆయాలు కావాలన్నారని చెప్పి మేడ్చల్ నుంచి కొందరు ఆడవాళ్లను వెంటబెట్టుకుపోయాడు. వాళ్లలో వదిన కూడా ఉంది. మేట్రన్ దొరసాని వరసగా అందరినీ చూసి, పడుచువాళ్లను పక్కకు నెట్టి, ఎలీషమ్మ దగ్గర ఆగింది. మగవాళ్ల వార్డుకు ముసలి ఆయాలే కావాలి. పడుచు ఆయాలుంటే రోగులకు బుద్ధి నిలవదు. అది ఆమె పెట్టిన కట్టడి. ఇంకేమీ అడగకుండా ఎలీషమ్మను తీసుకుంది.

"నీ మొఖం జూసి పని దొరికింది వదినె, దండం పెట్టుకో" అన్నాడు ప్రభుదాసు.

"నీ నోట్లె మన్నువడ. ముందుగాల గా నవ్వు మూసుకో."

పనిలో చేరాక మాత్రం ఆమెకు వార్డే లోకమైంది. కాలిన ముఖాలకు కొత్త తోలు అతికించే వార్డు అది. బయటివాళ్లు దాన్ని మొఖాల వార్డు అనేవాళ్లు. పెదవులు లేని మనిషికి కొమ్ము గిన్నెతో పాలు ఎలా పొయ్యాలో, భుజం తోలును దండలా చుట్టి దవడకు కుట్టినప్పుడు ఆ మనిషిని ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఇంట్లో ఆమె మాట ఇస్సాకు వినడు. ఇక్కడ తుపాకులు పట్టినవాళ్లు వింటారు. ఇల్లు కూడా ఆమె తెచ్చే జీతం మీదే నడిచేది.

వినేవాళ్లలో వినని వాడొకడుండేవాడు. శామీర్‌పేట వాడు, అమీర్ అలీ. ఫౌజులో లారీ నడిపేవాడు. బర్మా వైపు పెట్రోలు అంటుకుని ఎడమ చెంపంతా కాలింది. పాతికేళ్లు కూడా లేవు. మంచం దిగడానికి వీల్లేకపోయినా నోరు మాత్రం వార్డంతా తిరిగేది.

"అవ్వా, జర పానీ."

"అవ్వ అనకని నీకెన్నిసార్లు చెప్పాలె? నీ అమ్మ ఈడు గూడ గాదు నాది."

"మరి ఏమనాలె? దాదీమా అనాల్నా?"

నీళ్లు పోసేది. తిడుతూనే పోసేది. వాడు మూతి సరిగ్గా మూతపడక నీళ్లు కార్చుకుంటే, తిడుతూనే తుడిచేది.

యుద్ధం అయిపోయింది. పెద్దపెద్ద దవాఖానలు ఇక అక్కర్లేదన్నారు. ముందు వయసు మళ్లిన పనివాళ్లను తీసేయాలని హుకుం వచ్చింది. కానీ ఎవరి వయసెంతో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. కొత్తగా వచ్చిన మేజరు దొర కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరినీ ఎదుట నిలబెట్టి, ముఖం చూసి వయసు కట్టాడు.

ఎలీషమ్మ వంతు వచ్చింది. ప్రభుదాసు పక్కన నిలబడి మాట అటూ ఇటూ చేశాడు.

"ఎన్నడు పుట్టినవని అడుగుతుండు."

"తుగ్యానీ ఏడు. పట్నం కొట్టుకపోయినప్పుడు నేను చంటిపిల్లను. దొరకు తెల్వదా?"

ప్రభుదాసు చెప్పాడు. మేజరు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఎక్కడో దక్షిణం వాడు. నదులన్నాక వరదలు వస్తూనే ఉంటాయన్నాడు. మేజరు మళ్లీ ఎలీషమ్మ ముఖం చూశాడు. జారిన చెంపలు, వేలాడే గడ్డం, తెల్ల జుట్టు. అరవై అని రాసుకున్నాడు.

"అరవయ్యా!" ఎలీషమ్మకు కోపం నషాళానికి అంటింది. "అరవై ఉంటే మా అత్త ఎన్నడు పుట్టాలె? అడుగు. గా దొరను అడుగు."

ప్రభుదాసు అడగలేదు. వచ్చే నెలాఖరుకు ఇంకో డాక్టర్ల కమిటీ కూర్చుంటుందని, అభ్యంతరమున్నవాళ్లు దాని ముందు నిలబడవచ్చని మాత్రం కనుక్కుని వచ్చాడు. చర్చిలో ఏమైనా రాసి ఉంటుందేమోనని ఎలీషమ్మ పాస్టరును అడిగింది. వాళ్ల పల్లె పల్లెంతా ఒక్కరోజే బాప్తిస్మం తీసుకుంది. ఇంటి పెద్దల పేర్లే రాశారట. పిల్లలను గుంపుగా ముంచి గుంపుగానే లేపారట.

"గిప్పుడు నేను పుట్టిన్నని జెప్పెతందుకు మూసీ మల్ల పొంగాల్నా?" అని ఆమె ఇంటికొచ్చి కుండలన్నీ చప్పుడు చేసింది.

ఇస్సాకు అన్నం తింటూ, "మొఖం జూస్తే ఎవలైన గట్లనే అంటరు గద" అన్నాడు. ఆ పూట అతనికి రెండోసారి కూర పడలేదు.

ముఖం చూసి తీసేస్తున్నారు. అయితే ముఖమే మారిస్తే? ఆ ఆలోచన ఆమెకు వార్డులోనే వచ్చింది. రోజూ కళ్లెదుట జరిగే పని అది. వార్డు డాక్టరు, అందరూ మొఖాల డాక్టరు అని పిలిచే కెప్టెన్, త్వరలో తన దేశం వెళ్లిపోతున్నాడు. అక్కడ డబ్బున్న ముసలి దొరసానులు చెంపలు పైకి లాగించుకుంటారని, యుద్ధానికి ముందు తాను ఆ పనే చేసేవాడినని, ఇన్నేళ్లు కాలినవాళ్లకు కుట్టీ కుట్టీ ఆ చెయ్యి మరిచిపోయి ఉంటానని అతను ప్రభుదాసుతో సరదాగా అన్నాడు. ప్రభుదాసు అది సరదాకే వదినకు చెప్పాడు. వదిన నవ్వలేదు.

"నా చెంపలు లాగుమను."

"వదినె, నీకేమన్న..."

"మాటలొద్దు. పోయి అడుగు. చెయ్యి మరిచిపోయిండంటివి గద, నా మీద గుర్తు చేసుకోమను."

కెప్టెన్ ముందు కుదరదన్నాడు. రోగం లేనివాళ్లను కొయ్యడానికి తాను ఇక్కడ లేనన్నాడు. ఎలీషమ్మ అతని ఎదుట నిలబడి రెండు అరచేతులతో రెండు చెంపలూ చెవుల వైపు లాగి పట్టుకుంది. చూడమంది. అతను చూశాడు. సంచిలా వేలాడిన తోలు వెనుక ముప్పై దాటిన ఒక మామూలు ఆడమనిషి ముఖం ఉంది. అతనే తన వేళ్లతో ఇంకోసారి లాగి, వదిలి, మళ్లీ లాగాడు. మేజరు ఎంత కట్టాడని అడిగాడు. అరవై అని ప్రభుదాసు చెప్పగానే అతనికి నవ్వొచ్చింది. ఒప్పుకున్నాడు. కుట్లు చెవి ముందర పడతాయని, వాపు వస్తుందని, కొన్నేళ్లకు మళ్లీ జారుతుందని, పనికి రాకుండా పోవచ్చని కూడా అన్నీ చెప్పించాడు. ఎలీషమ్మ అన్నింటికీ ఊఁ కొట్టింది. కొన్నేళ్లతో ఆమెకు పని లేదు. కమిటీ వచ్చే నెలలో ఉంది.

ఇస్సాకుకు చెప్పినప్పుడు అతను మొదటిసారి నవ్వు ఆపాడు.

"ఉన్న మొఖం ఖరాబు చేసుకుంటవానే?"

"గిదేమన్న మొఖమా? గీ మొఖంతోని నువ్వు నన్ను అమ్మా అని పిలిచినవు. యాదికున్నదా?"



మత్తు పూర్తిగా ఇవ్వలేదు. చెంపల్లో సూదిమందు పొడిచి మొద్దుబార్చారు. చెవుల పైన జుట్టు కొంత గొరిగి, చెవి ముందర నుంచి కిందికి కోసి, తోలును కండ మీద నుంచి లేపి వెనక్కి లాగారు. మిగిలింది కత్తిరించి కుట్టారు. నొప్పి తెలియలేదు కానీ కత్తెర చప్పుడు తెలిసింది. రవికె బిగువు చేసేటప్పుడు దర్జీ వాడు కత్తిరించే చప్పుడులాగే ఉందని ఆమె తర్వాత చెప్పింది. అంతసేపూ ఆమె చేసింది ఒక్కటే. ట్రే పట్టుకున్న కొత్త ఆయాకు, కుట్టుదారం ఎటు నుంచి అందించాలో పడుకున్న చోటు నుంచే చెప్పింది. కెప్టెన్ నోరు కదపొద్దని గద్దించాల్సి వచ్చింది.

తలంతా కట్టు కట్టించుకుని ఆమె ఇంటికి వచ్చింది. పన్ను పీకించుకున్నానని పల్లెలో చెప్పింది. పొరుగింటి యాదవ్వ జావ తెచ్చి, "ఒక్క పన్నుకు ఇంత కట్టా? దవడంత పీకిండ్రా ఏంది?" అంది. కట్టు కింద ముఖం గుమ్మడికాయలా వాచింది. కళ్లు మూసుకుపోయాయి. నవ్వితే లాగింది, ఏడిస్తే లాగింది. కోపం వస్తే మరీ లాగింది. కోపం మాత్రం రోజంతా వచ్చేది. ఇస్సాకు జావలో ఉప్పెక్కువ వేశాడు, గంజి మాడబెట్టాడు. ఆమెకేమో తిట్టడానికి దవడ తెరుచుకోదు. పెళ్లయ్యాక తన ఇల్లు అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని ఇస్సాకు యాదవ్వతో అన్నాడు. అది కూడా కట్టులోంచి ఆమెకు వినపడింది.

కట్టు విప్పి, కుట్లు తీసి, వాపు దిగాక ఆమె అద్దం చూసుకుంది. చెంపలు ఎక్కడివక్కడ ఉన్నాయి. గడ్డం కింద సంచి లేదు. నుదుటి గీతలు పోలేదు కానీ జుట్టుకు నల్లరంగు పట్టించాక అవి పెద్దగా కనపడలేదు. ఒక్కటే తేడా. చిన్నప్పుడు కుడి చెంప చివర పొడిపించిన పచ్చబొట్టు చుక్క జరిగిపోయి చెవి అంచున కూర్చుంది.

ఆ ఆదివారం ఆమె ఇస్సాకు పక్కన నడుచుకుంటూ చర్చికి వెళ్లింది. పాట మొదలైంది కానీ సగంమంది పాడలేదు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద పరంజ్యోతి ఇస్సాకును మందిరం వెనక్కి పిలిచాడు. వెంట ఇంకో ఇద్దరు పెద్దలు కూడా నిలబడ్డారు.

"ఎలీషమ్మ ఏది?" అన్నాడు పరంజ్యోతి.

"గా వస్తలేదా."

"గామె ఎవలో మాకు తెల్వదు. పెండ్లాం దవాఖాన్ల ఉంటే నువ్వు పడుచుదాన్ని తెచ్చుకున్నవని పల్లెంత కోడై కూస్తాంది. ఇద్దరు పెండ్లాలు పెట్టుకున్నోనికి బల్ల లేదు, తెలుసు గద?"

బల్ల అంటే ప్రభు భోజనం. అందులో చెయ్యి పెట్టనివ్వకపోతే సంఘం వెలివేసినట్టే. ఇస్సాకు తలపట్టుకున్నాడు. ఇంతలో ఎలీషమ్మ దగ్గరికి వచ్చింది. పరంజ్యోతి ఆమెను కింది నుంచి పైదాకా చూసి, పచ్చబొట్టు దగ్గర ఆగాడు.

"సూడుండ్రి. ఎలీషమ్మకు బొట్టు చెంప మీద. గీమెకు చెవి కాడ. ఇగ సాచ్ఛెం ఏం కావాలె?"

తెగినచోటు ఇంకా పచ్చిగానే ఉంది. కోపం రావద్దని కెప్టెన్ చెప్పాడు. ఎలీషమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఏందయ్యా పరంజ్యోతీ! పోయిన క్రిస్మసుకు ప్రసంగం నడుమ గురకపెడితే నీ పక్కల పొడిచి లేపింది ఎవలు? నీ పెండ్లాం పుట్టింటికి పోతే నీకు నెల దినాలు రొట్టెలు జేసి పంపింది ఎవలు? గిన్నెలు ఇంక తిరిగి రాలే. గిప్పుడు నా బొట్టు కొలుస్తున్నవా? కొలువు, టేపు తెచ్చి కొలువు!"

పెద్దలకు అనుమానం తీరిపోయింది. ముఖం ఎవరిదైనా ఆ నోరు ఎలీషమ్మదే. పరంజ్యోతి గిన్నెలు సాయంత్రానికల్లా పంపించాడు. అయినా తర్వాత చాలారోజులు పల్లెలో ఆడవాళ్లు ఏదో ఒక వంకతో వచ్చి ఆమె చెవుల వెనక తొంగిచూసి పోయేవాళ్లు. యాదవ్వ అయితే తన అత్తను కూడా తీసుకుపోయి ఇస్త్రీ చేయించమని అడిగింది. ఎలీషమ్మ ఆమెను గుమ్మం దాకా తరిమింది.

కమిటీ ముందు పని సులువుగానే అయింది. ముగ్గురు డాక్టర్లు చూశారు. నలభై లోపే అన్నారు. మేజరు తన కాగితం చూసి, ఆమెను చూసి, గుమాస్తాను కోప్పడ్డాడు. ఎవరి ముఖానికో కట్టిన వయసు ఈమె పేరు పక్కన రాశాడట. గుమాస్తా అరవై కొట్టేశాడు. ఎలీషమ్మ ఆ పూట బొల్లారం స్టేషను దాకా నేల మీద నడవలేదు. రైల్లో ఎవరో "చెల్లె, జర జరుగు" అంటే, సగం బల్ల ఖాళీ చేసి ఇచ్చింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. పాత మేట్రన్ తన దేశం వెళ్లిపోయి కొత్త మేట్రన్ వచ్చింది. మనిషి మారింది కానీ మగవాళ్ల వార్డుకు ముసలి ఆయాలే అన్న కట్టడి మారలేదు. పైగా ఈమె పాత మేట్రన్ కంటే పట్టుదల మనిషి.

కొత్త గొడవ అమీర్ అలీతో మొదలైంది. కమిటీ అయ్యాక ఎలీషమ్మ కొత్త ముఖంతో వార్డులో అడుగుపెట్టిన రోజు వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. వాడి భుజం నుంచి దవడకు కుట్టిన తోలుదండ ఇంకా విప్పలేదు. తల తిప్పలేక కళ్లే తిప్పాడు.

"నేను మూడేండ్ల సంది పడి ఉన్న. నా మొఖం ఇంక గిట్లనే ఉన్నది. నువ్వు అట్ల పోయి ఇట్ల వచ్చినవు. గిదేం ఇన్సాఫు?"

ఎలీషమ్మ కొమ్ము గిన్నెలో పాలు పోసుకొచ్చింది. పాల గిన్నె వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు తాగి, ఒక్క గుక్కలో మళ్లీ తన మామూలు నోరు తెచ్చుకున్నాడు.

"సరే. ఇగ అవ్వ అనను. ఏమంటవు చెల్లె?"

"ఏమనకు. పండుకో."

"చెల్లె! ఓ చెల్లె! జర దిండు సర్దు చెల్లె!"

వార్డులో తెలుగు తెలిసినవాళ్లందరూ అందుకున్నారు. నాలుగు మంచాల అవతల నుంచి చెల్లె, కిటికీ పక్క నుంచి చెల్లె. ఎలీషమ్మ విసుక్కున్నట్టు నటించింది కానీ ఆ పిలుపు ఆమెకు చేదుగా లేదు. సరిగ్గా ఆ నవ్వుల మధ్యనే కొత్త మేట్రన్ గుమ్మంలో నిలబడింది. మగవాళ్లంతా కేరింతలు కొడుతున్నారు, నల్లజుట్టు పడుచు ఆయా మధ్యలో నిలబడి కొంగు సర్దుకుంటోంది. మేట్రన్ ప్రభుదాసును పిలిచి, వాళ్లేమని పిలుస్తున్నారని అడిగింది. ప్రభుదాసు బుద్ధిలేక నిజం చెప్పాడు, చిన్న తోబుట్టువును పిలిచే మాట అని. ఇంత పడుచు మనిషిని ఈ వార్డులో ఎవరు పెట్టారని ఆమె అడిగింది. ఆడవాళ్ల వార్డు ఉంటే అక్కడికి పంపేదట. అది ఎప్పుడో మూసేశారు. మర్నాడు పొద్దున వచ్చి లెక్క చూసుకుని వెళ్లమంది.

ప్రభుదాసు ఆ మాట తెలుగులో చెబుతుంటే ఎలీషమ్మ గోడకు ఆనుకుంది.

"నిన్నటిదాంక ముసలిదాన్నన్నరు. గిప్పుడు పడుచుదాన్నంటున్నరు. వీళ్ల నోళ్లల్ల పురుగులు వడ! నన్నేం చేయమంటరు? ఒక చెంప జారగొట్టుకొని ఒక చెంప లాక్కొని నిలవడాల్నా?"

"నిమ్మలం వదినె, కుట్టినకాడ తోలు తెగుతది."

"తెగనియ్యి! తెగితే మల్ల ముసలిదాన్నయిత, గప్పుడన్న ఉంచుకుంటరు!"

ఆమె నేరుగా అమీర్ అలీ మంచం దగ్గరికి వెళ్లింది. వాడు దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తున్నాడు. దుప్పటి లాగేసింది.

"నీ నోటి వల్ల నా కొలువు పోతాంది. అవ్వ అను."

"వద్దంటివి గద."

"గిప్పుడు అను అంటున్న. రేపు పొద్దుగాల గామె వచ్చినప్పుడు అనాలె. నువ్వే గాదు, అందరితోని అనిపియ్యాలె."

అమీర్ అలీ ముఖంలో ఇంకా బాగున్న సగం నవ్వింది. "మూడేండ్లు తిట్టినవు. ఒక్కసారి బతిమాలు, అంట."

ఎలీషమ్మ పళ్లు కొరికింది. తెలిసినంతలో ఆమె ఎవరినీ బతిమాలింది లేదు. "బతిమాలుతున్న. నీ కాళ్లు మొక్కుత. ఇగ సాలదా?"

ఇంటికెళ్లి కుంకుడుకాయలతో తల రుద్దుకుంది. రంగు సగం పోయి, జుట్టు అక్కడక్కడా తెల్లగా, అక్కడక్కడా ఎర్రగా బయటపడింది. ఇస్సాకు తల్లి వదిలిపోయిన పాత చీర కట్టుకుంది. ఇస్సాకు చూసి నోరు తెరవబోయాడు. "అమ్మా అన్నవంటే పానం తీస్త" అందామె. అతను నోరు మూశాడు. స్టేషనులో టికెట్ కలెక్టరు కొంచెంసేపు ఆమెను చూసి, ఇస్సాకును చూసి, ఈసారి ఎవరికి ఎవరో తేల్చుకోలేక ఊరుకున్నాడు.

మేట్రన్ వార్డులోకి వచ్చేసరికి ఎలీషమ్మ నడుం వంచి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని నిలబడి ఉంది. మేట్రన్ ఆగింది. ఏదో అనబోయింది.

"అవ్వా!" అని అమీర్ అలీ కేకేశాడు. "అవ్వా, జర పానీ!"

కిటికీ పక్క మంచం అందుకుంది. "అవ్వా, దిండు!" దాని పక్కది. "అవ్వా, నా పాలేవి?" తెలుగు రాని పంజాబీ సిపాయి కూడా, అందరూ అంటున్నారు కదా అని, అవ్వా అవ్వా అని అరిచాడు. అతనికి ఏం కావాలో మాత్రం చెప్పలేదు.

మేట్రన్ ప్రభుదాసు వైపు తిరిగింది. నిన్నటి తప్పు ఈసారి అతను చేయలేదు. అది నాయనమ్మను పిలిచే మాట అని, ఈమెను ఈ వార్డులో మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తున్నారని, నిన్న చెల్లె అన్నది ముసలావిడను ఆటపట్టించడానికేనని చెప్పాడు. అందులో చాలా వరకు నిజమే. మేట్రన్ దగ్గరికి వచ్చింది. ముఖం చూసింది, తేల్చుకోలేకపోయింది. తర్వాత జుట్టు చూసింది. చివరికి ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూసింది. ఏళ్ల తరబడి సోడా నీళ్లలో కట్టుగుడ్డలు ఉతికి ఉతికి, వేళ్ల తోలు ముడతలు పడి, గోళ్లు తెల్లబడిన చేతులు. వాటిని కెప్టెన్ లాగలేదు. మేట్రన్ తల ఊపింది. ఈ వార్డులోనే ఉండమంది. ఇంకో మంచం వైపు వెళ్లిపోయింది.

ఎలీషమ్మ నడుం అలాగే వంచి, ఆమె గుమ్మం దాటేదాకా నిలబడింది. తర్వాత నిటారుగా లేచి, కూజా తీసుకుని, అమీర్ అలీ నోట్లో నీళ్లు పోసింది. కొంచెం కారితే కొంగుతో తుడిచింది.

"షుక్రియా, అవ్వా" అన్నాడు వాడు.

"ఊఁ."

"అవ్వా, దిండు."

సర్దింది.

"అవ్వా, ఈగ."

తోలింది.

"అవ్వా..."

"గామె పోయింది గదరా! ఇగ నోరు మూసుకొని పండుకో!"